మాంసానికి థర్మామీటర్

చోడవరం
జనవరి 6, 2025

అక్కా,

అర్జంటుగా ఒక థర్మామీటర్ పంపు. మీ సబ్‌సెంటర్‌లో ఉంటాయి గదా, ఒకటి పోతే ప్రభుత్వం కూలిపోదు. ఎందుకో ఇప్పుడు రాయలేను. పరదేశి బస్సు స్టార్ట్ చేసి హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. మీ కొండ మీద ఒక్క సెల్ టవర్ నిలబెట్టడానికి ఎవడికీ తీరిక లేదు గానీ ఈయనకి మాత్రం ప్రపంచంలో ఉన్న తొందరంతా ఉంది.

లోపల ఎంత వేడి ఉందో తెలియక పిచ్చెక్కుతోంది. పైన చెయ్యి పెట్టి చూస్తే ఏమీ తెలియడం లేదు. అమ్మకి చెప్పకు.

ఒళ్ళు మండిపోతున్న నీ తమ్ముడు,
సాల్మన్


గుమ్మచింత సబ్‌సెంటర్, పాడేరు అవతల
జనవరి 10

ఒరే సాల్మన్,

ప్రభువు నీ ఒంటినీ, అంతకంటే ముందు నీ నోటినీ కాపాడాలి.

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. ఒళ్ళు మండిపోతోందని రాస్తావు, ఎన్నాళ్ళ నుంచో రాయవు. చలి ఉందా? సాయంత్రం వస్తోందా, పొద్దస్తమానం ఉంటోందా? నేను ఊరందరి పిల్లలకీ సూదులేసే ఏఎన్ఎమ్‌ని, సొంత తమ్ముడికి జ్వరం అయితే బస్సు డ్రైవర్ చేతి చీటీ ద్వారా తెలుసుకోవాలి. రోజంతా బేకరీలో బట్టీ ముందు నిలబడి, చెమటతో పోయి కుళాయి కింద తల పెడతావు, నాకు తెలుసు. బంగార్రాజు గారితో ఒక మాట చెప్పి రెండు రోజులు సెలవు తీసుకో. చెప్పేటప్పుడు "గారు" అని అను. నీకు ఉద్యోగం పోవడం ఇదయితే నాలుగోసారి అవుతుంది, ప్రతిసారీ జ్వరం వల్ల కాదు, నాలుక వల్ల.

థర్మామీటర్ పంపుతున్నాను. చంకలో పెట్టుకుని, కూత పెట్టేదాకా కదలకుండా ఉండు. జ్వరం మాత్రలు పెట్టాను. గాజు పలక కూడా పెట్టాను, వేలు పొడిచి రెండు చుక్కలు దాని మీద వేసి, ఆరనిచ్చి పరదేశికి ఇయ్యి. మలేరియా అయితే దాచుకునే జబ్బు కాదు.

ఇక్కడ నిన్న మేక ఒకటి లోపలికి వచ్చి విరేచనాలకి ఇచ్చే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు అట్టతో సహా తినేసింది. దానికి నీకంటే ఓపిక ఎక్కువ, నేను తిడుతుంటే నిలబడి విన్నది.

దిగులుగా,
అక్క స్వర్ణకుమారి


చోడవరం
జనవరి 17

అక్కా,

జ్వరం నాకు కాదు. మాంసానికి.

గాజు పలక ఖాళీగా వెనక్కి పంపుతున్నాను. మాత్రలు అమ్మకి ఇచ్చాను, మోకాళ్ళ నొప్పికి పనికొచ్చాయట. ఇక కూర్చుని మొత్తం రాస్తాను, ఎందుకంటే అరకొరగా రాస్తే నువ్వు నాకు సూది పొడిపించేలా ఉన్నావు.

విశాఖలో బీచ్ వైపు ఒక పెద్ద హోటల్ ఉంది. పేరు రాయను. రాస్తే నువ్వు వాళ్ళకి క్షమాపణ ఉత్తరం రాస్తావు. అక్కడి పెద్ద చెఫ్ గౌరీశంకర్ అని, తెల్ల టోపీ, నల్ల మీసం, స్టీక్ వండుతూ వీడియో పెట్టాడు. స్టీక్ అంటే ఏమీ లేదు, ఎముక లేని పెద్దమాంసం, రెండంగుళాల మందాన ఒకటే దిమ్మ. ఉప్పు, మిరియాలు, ఇంకేమీ లేదు. ఆయన దాన్ని తెచ్చి తిన్నగా పొగలు కక్కే పెనం మీద వేశాడు. కోసి చూపించాడు. చుట్టూరా బూడిద రంగు పట్టీ, నడుమ బొట్టంత గులాబీ రంగు. కింద జనమంతా ఆహా ఓహో అని చప్పట్ల బొమ్మలు. నాకు మండింది. రాశాను. ఏం రాశానో నీకు చెప్పడానికి సిగ్గేమీ లేదు: "అయ్యా, మీరు మాంసాన్ని వండలేదు, కొట్టేరు. అంచులు చచ్చిపోయేయి, నడుమ భయపడి దాక్కుంది."

మర్నాడు ఆయన స్వయంగా జవాబిచ్చాడు. "ఫిబ్రవరి ఆఖరి సోమవారం మా వంటగదికి రండి. మీరు వండండి. బాగుంటే అక్కడే పని ఇస్తాను. బాగోకపోతే ఇదే వీడియో కింద క్షమాపణ రాయండి."

అక్కా, హోటల్ వంటగదిలో పని. బంగార్రాజు గారి ఎగ్ పఫ్‌లకి పిండి పిసికి పిసికి నా చేతులే పఫ్‌లలా అయ్యాయి. నాకు ఇంకోసారి ఇలాంటి పిలుపు రాదు. నేను చదివింది పదో తరగతి, అందులోనూ లెక్కలు పోయాయి. ఎవడూ నన్ను పిలిచి వండమనడు.

పద్ధతి నాకు తెలుసు. లెక్కలేనన్ని వీడియోలు చూశాను. అందరూ ముందు చేసేది చివర చెయ్యాలి. ముందు సన్న సెగలో పెట్టి అంచు నుంచి నడుమ దాకా ఒకే తీరుగా వెచ్చబడనివ్వాలి. లోపల యాభై డిగ్రీలు రాగానే తీసి, అప్పుడు మండే పెనం మీద అటు కాసేపు, ఇటు కాసేపు. పైన కరకర, లోపల మొత్తం గులాబీ. దీన్ని రివర్స్ సియర్ అంటారు. యాభై వచ్చిందో లేదో చూడ్డానికే థర్మామీటర్ అడిగాను.

నువ్వు పంపింది పెనం మీదున్న ముక్కలో గుచ్చాను. కాసేపు అంకెలు చూపించింది, తర్వాత ఇంగ్లీషులో ఒక్క అక్షరం చూపించింది, తర్వాత కొన కరిగి వంకర తిరిగింది. మనుషుల కోసం చేసినవి ఇంతే.

ముక్క అన్నాను గదా, అదొక కథ. అనకాపల్లి వెళ్ళి అల్లాఉద్దీన్ భాయ్ కొట్లో రెండంగుళాల దిమ్మ అడిగాను. ఆయన నా వైపు, కత్తి వైపు, మళ్ళీ నా వైపు చూసి, అంత మందం ముక్క ఎప్పటికి ఉడుకుతుందని అడిగాడు. ఉడకక్కర్లేదన్నాను. పాపం అని కోశాడు. అందమైన దిమ్మ అక్కా, ఇటుకలా ఉంది. నేను సంచీ కోసం ఇటు తిరిగి అటు చూసేసరికి టకటకమని కూరముక్కలు కొట్టేశాడు.

"అలవాటుమీద చెయ్యి పోయింది బాబూ" అన్నాడు. "పోన్లే, మీ అమ్మకి పని తగ్గింది."

ఉన్నవాటిలో పెద్ద ముక్క ఏరుకుని దాని మీదే నీ థర్మామీటర్‌ని బలి ఇచ్చాను. మిగతాది అమ్మ గోంగూరలో వేసింది.

అసలైన థర్మామీటర్ ఏదైనా ఉంటే పంపు. నీతులు పంపకు.

సాల్మన్


గుమ్మచింత
జనవరి 22

తమ్ముడూ,

నీతులు వద్దన్నావు గాబట్టి ముందు అవే రాస్తాను.

ఒకటి, అది ప్రభుత్వ సొమ్ము. పోయినట్టు నేను కాగితం రాయాలి, కారణం అన్న చోట ఏం రాయను? "మాంసానికి జ్వరం చూడగా" అనా? పరదేశి అప్పుడే ఇక్కడ దారిలో ఉన్న టీ కొట్లన్నిట్లోనూ చెప్పేశాడు. నిన్న ఒక ముసలామె నవ్వు ఆపుకుంటూ వచ్చి, "సిస్టరమ్మా, మా పందికి ఒళ్ళు ఎచ్చగుంది, సూస్తావేటి" అంది.

ఇంకోటి, ఊరూ పేరూ లేనివాడివి, పెద్ద హోటల్ చెఫ్‌ని మాంసాన్ని కొట్టేరు అని రాస్తావా? నీ పద్ధతి నువ్వే చెప్పావు, ముందు సన్న సెగ, చివర మంట అని. మాంసానికి పాటించేది మనుషులకి పాటించవేం? నువ్వు ప్రతిచోటా ముందే పెనం ఎర్రగా కాల్చుకుని వెళ్తావు. ఆటో స్టాండులో అదే, ఐస్ ఫ్యాక్టరీలో అదే.

అసలు సంగతి. పెద్దమాంసం లోపల పచ్చిగా తింటే కడుపులో బద్దెపురుగు పడుతుంది. నేను చూశాను, వర్ణించను. నులిపురుగుల మాత్రలు పంపుతున్నాను, నువ్వూ అమ్మా చెరొకటి నమిలి మింగండి. అది బద్దెపురుగు మందు కాదు, అయినా నా మనశ్శాంతికి. వాడు పచ్చి మాంసం తినకుండా చూడమని అమ్మకి పరదేశి ద్వారా కబురు కూడా చెప్పించాను.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ గులాబీ రంగు మాంసం నువ్వు ఎప్పుడైనా నోట్లో పెట్టావా?

బేకరీ వదలకు.

అక్క


చోడవరం
ఫిబ్రవరి 3

అక్కా,

నువ్వు చేసిన పనికి నీకు పతకం ఇవ్వాలి.

నీ కబురు పరదేశి నోట్లో ఎంత పెరిగిందో నాకు తెలియదు గానీ అమ్మ చెవిలో పడేసరికి "మీ వాడు పచ్చి మాంసం తింటన్నాడట" అయింది. అమ్మ నన్ను అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతానని భయమట. తిన్నగా ఆదివారం చర్చి కూడికలో ప్రార్థన మనవిగా పెట్టింది. నేను వెనక బెంచీలో కూర్చుని ఉండగా, శాలోమి ఆంటీ లేచి, మన సంఘంలో ఒక యౌవనస్థుడు పులి వలె పచ్చి మాంసమునకు అలవాటు పడినాడు, ఆ క్రూరత్వము వాని నుండి తొలగాలి అని కళ్ళు మూసుకుని ప్రార్థించింది. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, అందరూ వెనక్కి తిరిగి చూశారు. పక్కన కూర్చున్న గుంటడు కొంచెం జరిగాడు.

తర్వాత పాస్టరు గారు ఇంటికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. నేను ఆయనకి ఓవెనూ, పెనమూ, యాభై డిగ్రీలూ అన్నీ విడమర్చి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, చివరికి అమ్మతో ఇంకో వారం ఉపవాసం ఉంటే మంచిదన్నారు.

ఇది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ విను.

మళ్ళీ అనకాపల్లి వెళ్ళాను. ఈసారి అల్లాఉద్దీన్ భాయ్ కోస్తున్నంతసేపూ ఆయన చెయ్యి మీంచి కళ్ళు తియ్యలేదు, కత్తి కింద పెట్టాకే సంచీ తెరిచాను. దిమ్మ దిమ్మలాగే ఇంటికి వచ్చింది. దానికి అన్ని వైపులా ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో జాలీ మీద ఉంచాలి. ఒక రోజంతా అలా ఉంటే ఉప్పు లోపలికి దిగుతుంది, పైన తడి ఆరుతుంది. తడి ఆరితేనే పెనం మీద పైపొర కరకరలాడుతుంది. అన్నీ సరిగ్గా చేసి పనికి వెళ్ళాను.

సాయంత్రం ఇంటికి వస్తే పెరట్లో దండెం మీద నా స్టీక్ ఉంది. సన్నగా, పొడుగ్గా, రిబ్బన్లలా, అంగీల పక్కన వేలాడుతోంది. అమ్మ కింద కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది.

"ఉప్పు రాసి ఆరబెట్టేవు, తునకలకే గదా" అంది. "దిమ్మలాగ వదిలీసేవు, ఎండదని నేనే కోసి కట్టేను. నీకు ఆ మాత్రం తెల్దేటి, మీ తాత ఎలా కట్టీవోడు?"

ఆవిడ తప్పు ఒక్కటీ లేదు. మాంసానికి ఉప్పు రాసి గాలికి పెట్టడం మన ఇళ్ళలో ఎండు తునకలకి తప్ప దేనికైనా ఉందా? తునకలు బాగా ఎండాయి. వాటిలో కొన్ని నీకు పంపుతున్నాను, పరదేశి దారిలో తినకపోతే.

నీ ప్రశ్నకి జవాబు: నోట్లో పెట్టనిస్తే గదా.

సాల్మన్


గుమ్మచింత
ఫిబ్రవరి 8

ఒరే పులీ,

తునకలు అందాయి. పరదేశి కొన్ని తిన్నాడు, ఒప్పుకున్నాడు.

నీ ఉత్తరం చదివి టీకాలకి వచ్చిన తల్లుల ముందు నవ్వు ఆపుకోలేకపోయాను. వాళ్ళు ఏటని అడిగారు, చెప్పాను, ఇక వాళ్ళూ ఆపలేదు. నవ్వాక సిగ్గేసింది. ఆ కబురు నాది. నేను నోరు మూసుకుని ఉంటే నిన్ను కూడికలో పులిని చేసేవాళ్ళు కాదు.

ఈ భాగం అమ్మకి చదివి వినిపించు: అమ్మా, వాడు చేసేది పచ్చి మాంసం కాదు. సన్న సెగలో ఉడుకుతుంది, పైన గట్టిగా కాలుతుంది. ఆ ఎరుపు రక్తం కాదు. రక్తం కోసినప్పుడే కారిపోతుంది, ఇది కండలో ఉండే రంగు. రక్తంతో తినొద్దన్న వాక్యాన్ని వాడు మీరడం లేదు. ఉపవాసం ఆపి అన్నం తిను, నీకు షుగరుంది.

ఇది అమ్మకి చదవకు: పురుగు భయం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. తెలిసిన కొట్లో తాజాది తీసుకో. కడుపుతో ఉన్నవాళ్ళకీ పిల్లలకీ పెట్టకు.

ఈ గుడ్డలో చుట్టి పంపుతున్నది చూడు. టీకాల పాత ఫ్రిజ్‌లో పెట్టే గాజు థర్మామీటర్. ఆ ఫ్రిజ్ చెడిపోయి మూల పడి ఉంది, ఇదీ దాంతో దుమ్ము పట్టింది, పారేసే వాటిలో రాసేశారు. సున్నాకి కింద నుంచి పైన యాభై దాకా చూపిస్తుంది. నీకు కావలసింది యాభయ్యే. దాన్ని బట్టీలో వదిలెయ్యకు, పగులుతుంది. ముక్కని బయటికి తీసి, గుచ్చి, చూసి, తియ్యి. ఎర్ర గీత చివరికి వచ్చిందంటే నీ పని అయిపోయినట్టే.

బట్టీ బంగార్రాజు గారిది. అడిగి పెట్టు. అడగడం అంటే చెప్పడం కాదు.

వండాక తిను. తిని నాకు రాయి. నువ్వు తిననిదాని కోసం ఇంత గొడవ పడుతున్నావన్నది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

అక్క


చోడవరం
ఫిబ్రవరి 17

అక్కా,

ఉద్యోగం పోయింది.

నిన్న ఆదివారం. పొద్దుటి బ్రెడ్డు తీశాక షాపు మూసి, సాయంత్రం కేకుల వేళకి తెరుస్తారు. ఆ మధ్యలో బట్టీలో కట్టె ఆరిపోయి, సన్నటి సెగ మిగులుతుంది. రివర్స్ సియర్ కోసమే దేవుడు చేసినట్టు ఉంటుంది ఆ సెగ. అడగలేదు. అడిగితే వద్దంటాడు, వద్దన్నాక పెడితే తప్పవుతుంది, అడక్కుండా పెడితే తప్పేమీ కాదు అనుకున్నాను. నువ్వు తిట్టకముందే నేనే రాసేస్తున్నాను.

దిమ్మ పెట్టాను. మధ్య మధ్యలో తీసి నీ గాజు పుల్ల గుచ్చాను. ఎర్ర గీత చీమలా ఎక్కింది. యాభై తాకింది. తీశాను. వెనకవైపు పొయ్యి మీద దోసె పెనం ఎర్రగా కాచి ఉంచాను. వేశాను. అక్కా, ఆ చప్పుడు నువ్వు వినాల్సింది. మొదటి వాన రేకుల మీద పడ్డట్టు. తిప్పాను. అంచులు నిలబెట్టి కాల్చాను. చెక్క పలక మీద పెట్టి నడిమికి కోశాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా గులాబీ రంగు. గీత గీసినట్టు పైన సన్నటి నల్ల పొర. నేను ఏడవలేదు, పొగ.

ముక్క తీసి నోటి దాకా తెచ్చాను. షట్టరు లేచింది.

బంగార్రాజు, గారు, మనవరాలి పుట్టినరోజు కేకు చెయ్యడానికి తొందరగా వచ్చాడు. పలక నా చేతుల్లోంచి తీసుకుని వీధిలో కుక్క ముందు పెట్టాడు. మొత్తం. కేకు అదే బట్టీలో పెట్టాడు. మాంసం కొవ్వు బట్టీ అడుగున కారి ఉందని నాకు తెలుసు, చెప్పే లోపల అరవడం మొదలుపెట్టాడు. సరే అరుచుకోనీ అని ఊరుకున్నాను. వెనిలా కేకు వేపుడు వాసనతో బయటికి వచ్చింది. దాని మీద పేరు రాసి, క్రీము పూసి, పిల్లల ముందు కోశారట. పిల్లలు క్రీము నాకి లోపలిది వదిలేశారట.

సాయంత్రం పిలిచి, ఏటి సేసేవో తెలుస్తందా అన్నాడు. మీ కేకుకి ఇన్నాళ్ళకి ఒక వాసనంటూ వచ్చింది అన్నాను. అంతే.

నాకు బట్టీ లేదు. ఇంకో దిమ్మ కొనడానికి జీతం లేదు. ఇప్పటిదాకా వండిందాన్ని కుక్క తప్ప ఎవరూ తినలేదు. దానికి నచ్చిందనుకుంటాను, పలక మీద మరక కూడా మిగల్చలేదు. వచ్చే సోమవారం నేను హోటల్‌కి వెళ్ళను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? రుచి ఎలా ఉంటుందో తెలియనివాణ్ణి.

సాల్మన్


గుమ్మచింత
ఫిబ్రవరి 20

సాల్మన్,

నీ ఉత్తరం రాకముందే పరదేశి అంతా చెప్పాడు. ఆలోచించకుండా ఆ పూటే బంగార్రాజు గారికి ఉత్తరం రాసి పంపాను. మా తమ్ముడు చెడ్డవాడు కాదు, తండ్రి లేని లోటు తెలియకుండా నేనే పెంచాను, నోరు ఒక్కటే నేర్పలేకపోయాను అని రాశాను. సోమవారం పొద్దున్నే షాపు తెరిచేసరికి వచ్చి మీ గుమ్మంలో నిలబడతాడు అని మాటిచ్చాను. ఆయన పెద్దమనసుతో ఒప్పుకుని కబురు పంపాడు.

ఆ తర్వాత నీ ఉత్తరం అందింది. సోమవారం అంటే ఆ సోమవారమేనని అప్పుడు గుర్తొచ్చింది. నేను హోటల్ సంగతి మర్చిపోయాను. మర్చిపోలేదు. నువ్వు నిజంగా వెళ్తావనుకోలేదు.

నువ్వు కొస నుంచి కొస దాకా గులాబీ అని రాసిన ముక్క రెండుసార్లు చదివాను. నువ్వు ఏ పని గురించీ ఇలా ఎప్పుడూ రాయలేదు. ఐస్ ఫ్యాక్టరీ నుంచి నువ్వు రాసిన ఉత్తరాల్లో తిట్లు తప్ప ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు నేను ఏమి చెప్పినా తప్పే. బేకరీకి వెళ్తే రోజూ నన్ను తిట్టుకుంటావు. హోటల్‌కి వెళ్ళి ఓడిపోతే బేకరీ కూడా ఉండదు, అమ్మకి నువ్వు తప్ప ఆసరా లేదు, నా పోస్టింగ్ ఈ కొండ దిగదు. అయినా అడిగావు గాబట్టి రాస్తున్నాను, అడగలేదని నాకు తెలుసు. వెళ్ళు. క్షమాపణ రాయాల్సి వస్తే నేను రాసిపెడతాను, నీకు ఎలాగూ రాదు.

అక్క


విశాఖపట్నం
ఫిబ్రవరి 25

అక్కా,

నువ్వు ఇచ్చిన మాట పోలేదు. సోమవారం పొద్దున్నే, షట్టరు లేవకముందే, బంగార్రాజు గారి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన తాళాలు పట్టుకుని వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"మా అక్క నిలబడతాడని సెప్పింది, నిలబడ్డాను" అన్నాను. "ఇక ఎల్తాను. కేకు సంగతి మాత్రం తప్పు నాదే."

ఆయన షట్టరు లేపుతూ, నిజం చెబితే నువ్వు లోపలికి వస్తే బట్టీ దగ్గర ఎక్కడ పెట్టాలా అని రాత్రంతా ఆలోచించేను బాబూ అన్నాడు. బన్ను ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. అనకాపల్లి దాకా తిన్నాను.

హోటల్ వంటగది మన చర్చి అంత ఉంది. గౌరీశంకర్ గారు వీడియోలో కంటే పొట్టి. నన్ను చూసి, "మాంసాన్ని కొట్టేరు అన్నది మీరేనా" అని మర్యాదగా అడిగి, ఒక మూల స్టూలు చూపించారు. మధ్యాహ్నం భోజనాల రద్దీ అయ్యేదాకా కూర్చోబెట్టారు. నేను లేవలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. నువ్వు నమ్మవని తెలిసే రాస్తున్నాను.

తర్వాత దిమ్మ ఇచ్చారు. ముందు రోజే ఉప్పు రాసి ఉంచాలి, అది కుదరదు. ఉన్నదానికే రాసి, తడి గుడ్డతో కాదు పొడి గుడ్డతో ఒత్తి, ఓవెన్ సన్న సెగ మీద పెట్టాను. మాంసంలో గుచ్చే అసలైన థర్మామీటర్ అక్కడ పది ఉన్నాయి, అందరూ వాటితో వీపులు గోక్కుంటున్నారు. ఓవెన్ లోంచి చప్పుడూ లేదు, వాసనా లేదు. సత్యారావు అనే కుక్ ఒకడు నా వెనక నిలబడి, ఏటి బాబూ, దానికి చలేస్తందని కప్పి పడుకోబెట్టేవా అన్నాడు. అందరూ నవ్వారు. నా నాలుక చివరికి ఒక మాట వచ్చింది. మింగాను. ఓవెన్ దగ్గర నుంచి కదిలితే ముక్క పాడవుతుంది గాబట్టి మింగాను, నీ నీతుల వల్ల కాదు.

యాభై వచ్చింది. పెనం కాచి ఉంచాను. వేశాను, తిప్పాను, అంచులు కాల్చాను. కోశాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా. సత్యారావు నవ్వడం మానేశాడు. ఒకడు ఫోను తీసి ఫొటో తీశాడు.

గౌరీశంకర్ గారు వంగి రెండు అంచులూ చూశారు. ముట్టుకోలేదు. పలక నా వైపు తోసి, "తినండి" అన్నారు.

"ముందు మీరు రుచి సూడండి."

"మీరు వండారు, మీరు తినండి."

అక్కా, అక్కడ అబద్ధం చెప్పి బయటపడి ఉండొచ్చు. నాకు అప్పటికప్పుడు రాలేదు. నేను ఇది ఎప్పుడూ తినలేదండి అన్నాను. వంటగది మొత్తం పగలబడి నవ్వింది. సత్యారావు కళ్ళు తుడుచుకున్నాడు. గౌరీశంకర్ గారు ఒక్కరే నవ్వలేదు.

తిన్నాను.

నువ్వు అడిగావు గాబట్టి సరిగ్గా రాస్తాను. మెత్తగా ఉంది, కూరలా చితికిపోయే మెత్తన కాదు, పళ్ళకి ఎదురు తిరిగి అప్పుడు ఒప్పుకునే మెత్తన. పైన పొగ రుచి, ఉప్పు. లోపలికి వెళ్ళేసరికి చప్పన. రెండో ముక్క ఎవరూ చెప్పకుండానే తీసుకున్నాను. అది నమిలి చెప్పాను. మీ వీడియోలో దానికంటే ఇది బాగుంది, కానీ సరిగ్గా రాలేదండి, ఉప్పు పైనే ఉండిపోయింది, నిన్ననే రాసి ఉంటే దిగేది, ఎడం వైపు అంచు ఎక్కువ కాలింది, అది నా తప్పు అన్నాను. సత్యారావు నా కాలు తొక్కాడు. సొంత వంటకి వంక పెట్టుకునేవాణ్ణి వాడు ఎక్కడా చూడలేదట.

గౌరీశంకర్ గారు నన్ను స్టోరు గదిలోకి పిలిచి తలుపు వేశారు. పనైపోయింది అనుకున్నాను. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో నీకు ఉత్తరం రాయడానికి పెన్ను ఉందా అని జేబు తడుముకున్నాను.

ఆయన బియ్యం బస్తా మీద కూర్చున్నారు. టోపీ తీశారు.

"మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు" అన్నారు. "నేను కూడా. ఇరవై ఏళ్ళుగా ఇది వండుతున్నాను, ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు."

పెన్ను వెతకడం మానేశాను.

మరి రుచి ఎలా తెలుస్తుందండి అని అడిగాను. వీళ్ళని అడుగుతాను, వీళ్ళు బాగుంది చెఫ్ అంటారు, ఇరవై ఏళ్ళుగా బాగుంది చెఫ్ అనే అంటున్నారు అన్నారు. అంచులు చచ్చిపోయాయని నేను రాసిన రోజు, ఇన్నాళ్ళూ ఎంతమందికి అలా పెట్టానో అని ఆయనకి అన్నం సహించలేదట. అందుకే పిలిచారట, కోపంతో కాదు. నేను తిన్నవాడిలా రాశానట. ఎప్పుడూ తినలేదని అందరి ముందూ అనేసరికి ఇక ఆశ పోయిందట. తర్వాత ఉప్పు దిగలేదన్నాను గదా, అప్పుడు ఆశ మళ్ళీ వచ్చిందట.

అప్పటిదాకా అది తినని నేనూ, జన్మలో తినని ఆయనా దాని గురించి ఊరంతా చూస్తుండగా కొట్టుకున్నాం.

ఇవాళ పొద్దున్నుంచి పనిలో ఉన్నాను. అమ్మకి కబురు చెప్పు, పచ్చి మాంసం అనే మాట ఎక్కడా రాకుండా చెప్పు. ఆయన సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు, నువ్వు కొండ మీద ఉన్నావు గాబట్టి నీకు రాశాను. ఇది పరదేశి చేతికి ఇవ్వడం లేదు, పోస్టులో వేస్తున్నాను.

నా ఉద్యోగానికి ఇంకా పేరు పెట్టలేదు. ప్రస్తుతానికి గౌరీశంకర్ గారు వండిందల్లా తిని, బాగోలేనిది బాగోలేదని ఆయన మొహం మీద చెప్పాలి. జీతం ఇస్తారట.

కడుపు నిండిన నీ తమ్ముడు,
సాల్మన్